కాలేజీ బాస్కెట్‌బాల్ ఆటగాణ్ణి అంకెలతో అంచనా వేయడం ఎలా: మొదటి లెక్క నుంచి చివరి నివేదిక దాకా

మ్యాచ్‌కు 16 పాయింట్లు కొట్టే గార్డు (బంతిని ముందుకు నడిపే ఆటగాడు) మంచివాడేనా? ఇంతమాత్రం చెప్పి అడిగితే ఎవరూ జవాబివ్వలేరు. ఎన్ని నిమిషాలు ఆడి కొట్టాడు, ఆ జట్టు చేతికి బంతి ఎన్నిసార్లు వచ్చింది, అందులో ఎన్ని అవకాశాలు అతనే వాడుకున్నాడు, ఎదుట ఎవరున్నారు, అప్పటికి అతని వయసెంత? ఇవి తెలియాలి. క్రికెట్‌లో ఫలానావాడు 40 పరుగులు చేశాడనగానే ‘ఎన్ని బంతుల్లో?’ అంటాం కదా, అదే ప్రశ్న ఇక్కడా. అధునాతన గణాంకాలు అని పెద్ద పేరు పెట్టుకున్నవన్నీ చేసే పని ఇంతే: ప్రతి అంకె కింద సరైన హారం పెట్టడం. ఈ మార్గదర్శిలో ప్రతి మెట్టు దగ్గరా వేసుకోవాల్సిన ప్రశ్న కూడా అదే: దీన్ని దేనితో భాగించారు?

అమెరికా కాలేజీ ఆటలో ఈ పని ఇప్పుడు మరీ అవసరమైంది. కాలేజీ క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ. దాని పై అంచె అయిన డివిజన్ వన్‌లో పురుషుల జట్లే 360కి పైగా ఉన్నాయి. 2018 అక్టోబరులో ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చింది, కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే జాబితా అది. మొదటిసారి కాలేజీ మారేవాళ్లు ఏడాది ఖాళీగా కూర్చోవాలన్న నియమం 2021లో పోయింది. అదే ఏడాది జూలై 1 నుంచి ఆటగాళ్లు తమ పేరు, రూపం మీద డబ్బు సంపాదించుకునే వీలు కలిగింది. ఇప్పుడు సీజన్ ముగిసిన కొన్ని వారాల్లోనే వెయ్యిమందికి పైగా ఆటగాళ్లు పోర్టల్‌లో చేరుతున్నారు. అంతమంది వీడియోలు చూడటం ఎవరి వల్లా కాదు. ఎవరి వీడియో చూడాలో, ఆ వీడియోలో ఏం వెతకాలో అంకెలు చెప్పాలి.

1. సగటులు వదిలేసి మొత్తాలు తెచ్చుకోండి

మ్యాచ్‌కు ఇన్ని పాయింట్లు, ఇన్ని రీబౌండ్లు (తప్పిన షాట్ తర్వాత బంతి అందుకోవడాలు) అనే పట్టికను పక్కన పెట్టండి. సీజన్ మొత్తం అంకెలు కావాలి. స్పోర్ట్స్ రిఫరెన్స్ కాలేజీ విభాగంలో అవి ఉచితంగా దొరుకుతాయి. బార్ట్ టోర్విక్ సైట్‌కూ డబ్బు కట్టనక్కర్లేదు. ప్రత్యర్థి స్థాయిని బట్టి, తేదీలను బట్టి అంకెలను వడకట్టుకోవడానికి అంతకంటే అనువైనది లేదు. కెన్ పొమెరాయ్ నడిపే కెన్‌పామ్‌కు చందా కట్టాలి. షాట్లు ఎక్కడినుంచి వేశాడో హూప్ మ్యాత్‌లో చూడొచ్చు. పిక్ అండ్ రోల్, పోస్ట్ అప్, స్పాట్ అప్ అంటూ ఆట రకాల వారీగా విడగొట్టి ఇచ్చే సినర్జీని కోచింగ్ సిబ్బంది డబ్బు కట్టి వాడతారు. ఆర్ భాషలో కోడ్ రాసేవాళ్లకు హూప్‌ఆర్ అనే ప్యాకేజీ ఉంది.

ఆటగాడి వరుసలో కావలసినవి: నిమిషాలు, షాట్లు, పడిన షాట్లు, త్రీలు (గీత బయటినుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు, లోపలివి టూలు), పడిన త్రీలు, ఫ్రీ త్రోలు (ఫౌల్‌కు బదులుగా కాపలా లేకుండా వేసే ఒక పాయింట్ షాట్లు), పడినవి, రెండు రకాల రీబౌండ్లు (సొంత జట్టు షాట్ తప్పాక అందుకుంటే ఆఫెన్సివ్, ఎదుటి జట్టుది తప్పాక అందుకుంటే డిఫెన్సివ్), అసిస్టులు (సహచరుడు పడేసిన షాట్‌కు ఇచ్చిన పాసులు), టర్నోవర్లు (షాట్ వెయ్యకుండానే బంతి పోగొట్టుకోవడాలు), స్టీళ్లు (ఎదుటివాళ్ల బంతి లాక్కోవడాలు), బ్లాకులు (ఎదుటివాళ్ల షాట్‌ను అడ్డుకోవడాలు), ఫౌళ్లు. ఇవే అంకెలు అతని జట్టుకూ, ఆ జట్టు మీద ఆడిన ప్రత్యర్థులకూ కావాలి. చాలామంది ఈ రెండో భాగం తెచ్చుకోరు. అది లేకపోతే హారాలు లేనట్టే.

డివిజన్ వన్ జట్లు ఏటా ఒకటి రెండు మ్యాచ్‌లు కింది డివిజన్ల కాలేజీలతోనూ ఆడతాయి. కెన్‌పామ్ వాటిని లెక్కలోకి తీసుకోదు. అన్ని సైట్లూ అలా చెయ్యవు. అందుకే ఒక సైట్ నుంచి లవం, మరో సైట్ నుంచి హారం తెచ్చి భాగించకండి. అంకె పైకి చక్కగానే కనిపిస్తుంది, కానీ తప్పు.

ఇక నుంచి చెప్పే లెక్కలన్నిటికీ ఒక ఊహాజనిత గార్డును తీసుకుందాం. 32 మ్యాచ్‌లు, 1000 నిమిషాలు. 400 షాట్లలో 180 పడ్డాయి. అందులో త్రీలు 170కి 60. ఫ్రీ త్రోలు 120కి 96. అసిస్టులు 130, టర్నోవర్లు 80, స్టీళ్లు 45. మొత్తం 516 పాయింట్లు, అంటే మ్యాచ్‌కు 16.1. అతని జట్టు 1900 షాట్లు వేసి 850 పడేసింది. 600 ఫ్రీ త్రోలు, 380 టర్నోవర్లు, 320 ఆఫెన్సివ్ రీబౌండ్లు. ఓవర్‌టైమ్‌లు లేవు కాబట్టి జట్టు ఆడింది 1280 నిమిషాలు. మనవాడు అందులో 78.1 శాతం కోర్టు మీద ఉన్నాడు. ఈ 0.781 గుర్తుంచుకోండి, పదేపదే వాడతాం.

2. జట్టు వేగం లెక్కకట్టండి

బంతి ఒక జట్టు చేతికొచ్చి ఎదుటివాళ్లకు పోయేదాకా ఒక పొసెషన్. స్కోర్ షీటులో అది నేరుగా ఉండదు, ఇలా లెక్కకట్టాలి:

షాట్లు − ఆఫెన్సివ్ రీబౌండ్లు + టర్నోవర్లు + 0.475 × ఫ్రీ త్రోలు

మన జట్టుకు 1900 − 320 + 380 + 285 = 2245. 32 మ్యాచ్‌లతో భాగిస్తే మ్యాచ్‌కు 70.2.

ఆ 0.475 ఎందుకు? మామూలు షూటింగ్ ఫౌల్‌కు రెండు ఫ్రీ త్రోలు వేసినా ఖర్చయ్యేది ఒక్క పొసెషనే. షాట్ పడ్డాక అదనంగా వచ్చే ఫ్రీ త్రోకు వేరే పొసెషన్ ఖర్చు కాదు. అందుకే ఆ గుణకం సగం కంటే తక్కువ. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏకు 0.44 వాడతారు. కాలేజీ పురుషుల ఆటలో ‘వన్ అండ్ వన్’ ఉంది: మొదటి ఫ్రీ త్రో పడితేనే రెండోది ఇస్తారు, పడకపోతే ఒక్క త్రోతోనే ఆ అవకాశం అయిపోతుంది. దాంతో ఇక్కడ గుణకం కాస్త ఎక్కువ. ఎన్‌బీఏ కోసం రాసిన కోడ్‌ను ఉన్నదున్నట్టు కాలేజీ అంకెల మీద నడపడం అందరూ చేసే పొరపాటు. ఫ్రీ త్రోలు ఎక్కువ తెచ్చుకునే ఆటగాళ్ల దగ్గర ఆ తేడా బాగా కనిపిస్తుంది.

వేగం ఎంత తేడా తెస్తుందో చూడాలంటే 2018-19 వర్జీనియా జట్టును తీసుకోండి. దేశంలోకెల్లా నెమ్మదిగా ఆడి ఛాంపియన్‌షిప్ గెలిచింది, మ్యాచ్‌కు 60 దరిదాపుల్లో పొసెషన్లతో. ఆ జట్టులో డియాండ్రే హంటర్ సగటు 15.2 పాయింట్లు. 70 పొసెషన్లు ఆడే జట్టుకు మార్చి చూస్తే అది 17.7 అవుతుంది. వేగంగా ఆడే జట్టులో 17 కొట్టినవాడి పక్కన హంటర్‌ను పెట్టి ‘వీడికి స్కోరింగ్ తక్కువ’ అన్నవాళ్లు ఆటగాణ్ణి కాక కోచ్ పద్ధతిని కొలిచారన్నమాట.

3. షూటింగ్: ఒక్క శాతం చాలదు, విడగొట్టండి

మామూలు ఫీల్డ్ గోల్ శాతం త్రీనీ టూనీ ఒకేగాట కడుతుంది. దాని బదులు రెండు లెక్కలు చెయ్యండి.

ఎఫెక్టివ్ ఫీల్డ్ గోల్ శాతం: (పడిన షాట్లు + పడిన త్రీలలో సగం) ÷ మొత్తం షాట్లు. మనవాడికి (180 + 30) ÷ 400 = 52.5 శాతం. డివిజన్ వన్ సగటు 50 అటూ ఇటూ ఉంటుంది.

ట్రూ షూటింగ్ శాతం: పాయింట్లు ÷ (2 × (షాట్లు + 0.475 × ఫ్రీ త్రోలు)). అంటే 516 ÷ 914 = 56.5 శాతం.

మొదటిది షాట్ల నాణ్యత చెబుతుంది, రెండోది ఫ్రీ త్రోలను కూడా కలుపుకుంటుంది. రెండిటి మధ్య ఎడం పెద్దదైతే అతను ఫ్రీ త్రో గీత దగ్గరికి బాగా వెళ్తున్నాడు, వెళ్లినప్పుడు పడేస్తున్నాడు. ఫ్రీ త్రోలను షాట్లతో భాగించినా ఇది తెలుస్తుంది. మనవాడికి 120 ÷ 400, అంటే 30 శాతం. బంతి చేతిలో పెట్టుకుని ఆడే గార్డుకు పరవాలేదనిపించే స్థాయి.

తర్వాత షాట్లను మూడు కుప్పలుగా విడగొట్టండి: రిమ్ (బాస్కెట్ చట్రం) దగ్గరవి, మధ్యదూరపువి, త్రీలు. రిమ్ దగ్గర 60 శాతం పడితే షాట్‌కు 1.2 పాయింట్లు. మధ్యదూరంలో 38 శాతం పడితే 0.76. త్రీలు 34 శాతమే పడినా 1.02. ఒకే ట్రూ షూటింగ్ ఉన్న ఇద్దరిలో ఒకడు రిమ్ దాకా చొచ్చుకుపోయేవాడు కావచ్చు, రెండోవాడు ఆ ఏడాది మధ్యదూరంలో అదృష్టం కలిసొచ్చినవాడు కావచ్చు. వచ్చే ఏటికి నమ్ముకోదగ్గది మొదటివాడినే.

ఆ కుప్పల్లో ఎన్ని షాట్లకు అసిస్ట్ ఉందో కూడా చూడండి. రిమ్ దగ్గర పడిన షాట్లలో చాలావాటికి అసిస్ట్ లేదంటే అతను సొంతంగా డ్రిబుల్ చేసుకుంటూ చొరబడుతున్నాడు. గార్డుల విషయంలో దీనంత విలువైన సమాచారం మరొకటి అరుదు. ఒక జాగ్రత్త: షాట్ లేఅప్పా (రిమ్ పక్కనుంచి వేసేది), జంపరా (దూరంనుంచి గెంతి వేసేది) అని రాసేది మ్యాచ్ జరిగే కాలేజీ స్కోరర్ల బల్ల. రెండిటికీ మధ్యలో ఉండే ఫ్లోటర్‌ను ఒకచోట లేఅప్ అనీ, ఇంకోచోట జంపర్ అనీ రాస్తారు. అసిస్టులు, బ్లాకుల లెక్కలోనూ సొంత ఊరి ఉదారత కనిపిస్తుంది. ఆటగాడి సొంత కోర్టు అంకెలు, బయటి అంకెలు పక్కపక్కన పెడితే ఆ తేడా బయటపడుతుంది.

పాత సీజన్లతో పోల్చేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి. పురుషుల ఆటలో త్రీ గీతను 2019-20 నుంచి 20 అడుగుల 9 అంగుళాల నుంచి 22 అడుగుల 1¾ అంగుళాలకు జరిపారు. మహిళల ఆటలో అదే మార్పు 2021-22లో వచ్చింది. అంతకుముందు 38 శాతం, ఇప్పుడు 38 శాతం ఒకటి కావు. షాట్ క్లాక్ కూడా 2015-16లో 35 సెకన్ల నుంచి 30కి తగ్గింది. వేగం అంకెలు అప్పటినుంచే మారాయి.

4. యూసేజ్ పక్కన లేకుండా సామర్థ్యాన్ని చదవకండి

ఈ మెట్టు దగ్గర తొందరపడితే మిగతావన్నీ తప్పుతాయి. యూసేజ్ అంటే ఆటగాడు కోర్టు మీద ఉన్నప్పుడు జట్టు అవకాశాల్లో అతని చేతిలో ముగిసినవి ఎన్ని అన్నది. షాట్ వేసి, ఫ్రీ త్రోకు వెళ్లి, లేదా బంతి పోగొట్టుకుని.

మనవాడు వాడినవి: 400 + 57 + 80 = 537. జట్టు వాడినవి: 1900 + 285 + 380 = 2565. అతను కోర్టు మీద ఉన్న వాటాతో గుణిస్తే 2565 × 0.781, దాదాపు 2004. 537 ÷ 2004 = 26.8 శాతం.

కోర్టు మీద ఐదుగురు ఉంటారు కాబట్టి సగటు ఎప్పుడూ 20 శాతమే. 15 లోపు ఉన్నవాడు ఎవరో తయారుచేసి ఇచ్చిన షాట్లే వేస్తున్నాడు. 24 దాటితే దాడికి ముఖ్యుల్లో ఒకడు. 28 దాటితే జట్టు దాడి అంతా అతని చుట్టూనే తిరుగుతోంది.

యూసేజ్ పెరిగేకొద్దీ సామర్థ్యం తగ్గడం సహజం. ఎక్కువ షాట్లు కావాలంటే కష్టమైనవీ వెయ్యాలి, రక్షణ అంతా అతనివైపే మొగ్గుతుంది. ఈ రంగానికి పునాది వేసిన డీన్ ఆలివర్ ఈ సంబంధాన్ని చాలా ఏళ్ల క్రితమే వివరించాడు. అందుకని 62 ట్రూ షూటింగ్, 14 యూసేజ్ ఉన్నవాడు మన 56.5, 26.8 గార్డు కంటే మంచి దాడి ఆటగాడు అనడానికి లేదు. మొదటివాడికి రెండోవాడి పని అప్పగిస్తే ఆ 62 నిలవదు. అలాగే చిన్న జట్టులో 30 యూసేజ్ మోసినవాడు పెద్ద జట్టులో 20కి దిగితే అతని ట్రూ షూటింగ్ పెరిగే అవకాశం ఉంది, కష్టమైన షాట్లు వదిలేస్తాడు కాబట్టి. వదిలేస్తాడా లేదా అన్నది మాత్రం వీడియోలో తేల్చుకోవాలి. కొందరు వదలరు.

2017-18లో ఓక్లహోమా ఫ్రెష్‌మన్ (మొదటి ఏడాది విద్యార్థి) ట్రే యంగ్ మ్యాచ్‌కు 27.4 పాయింట్లు, 8.7 అసిస్టులతో రెండిటిలోనూ దేశంలో మొదటి స్థానంలో నిలిచాడు. ఒకే సీజన్‌లో ఈ రెండూ సాధించినవాడు అంతకుముందు లేడు. అదే సీజన్‌లో మ్యాచ్‌కు 5.2 టర్నోవర్లు కూడా చేశాడు. ఆ 5.2 ఒక్కటే చూసినవాళ్లు బంతి నిలపలేడన్నారు. అతని చేతిలో ఎన్ని అవకాశాలు ముగిశాయో కింద పెట్టి చూస్తే చిత్రం మారిపోతుంది. అందుకే టర్నోవర్లను మ్యాచ్‌తో భాగించకండి, వాడిన అవకాశాలతో భాగించండి. మన గార్డుకు 80 ÷ 537 = 14.9 శాతం. ఇంత బరువు మోసే గార్డుకు అది మంచి అంకె.

5. మిగిలిన రేట్లు

అసిస్ట్ రేటు: కోర్టు మీద ఉన్నప్పుడు సహచరులు పడేసిన షాట్లలో ఎన్నిటికి ఇతను పాస్ ఇచ్చాడు? జట్టు పడేసిన 850 × 0.781 = 664. అందులో సొంతవి 180 తీసేస్తే 484. 130 ÷ 484 = 26.9 శాతం. పాయింట్ గార్డు పని చెయ్యగలడనడానికి చాలు.

రీబౌండ్ రేటు కూడా ఇదే పద్ధతి. ఆఫెన్సివ్ రీబౌండ్‌కు హారం జట్టు ఆఫెన్సివ్ రీబౌండ్లు, ప్రత్యర్థి డిఫెన్సివ్ రీబౌండ్ల మొత్తం, దాన్ని నిమిషాల వాటాతో గుణించాలి. రెండు రకాలనూ ఎప్పుడూ కలపకండి. ఆఫెన్సివ్ రీబౌండ్‌లో ఆటగాడి శ్రమ, బలం కనిపిస్తాయి. డిఫెన్సివ్ రీబౌండ్‌లో సహచరులు అతనికి వదిలేసినవి కూడా ఉంటాయి.

స్టీల్ రేటుకు హారం ప్రత్యర్థి పొసెషన్లు (అవి మన జట్టువాటికి దాదాపు సమానమే): 45 ÷ (2245 × 0.781) = 2.6 శాతం. బ్లాక్ రేటుకు హారం ప్రత్యర్థి వేసిన టూలు మాత్రమే, ఎందుకంటే త్రీలను బ్లాక్ చెయ్యడం చాలా అరుదు.

రక్షణ అంకెల్లో రెండు గుంతలున్నాయి. ఒకటి, ఎన్‌బీఏలో డిఫెన్సివ్ త్రీ సెకండ్స్ నియమం ఉంది (రక్షకుడు ఎవర్నీ కాయకుండా బాస్కెట్ ముందు మూడు సెకన్లకు మించి నిలబడకూడదు), కాలేజీలో లేదు. కాలేజీలో పొడుగాటి సెంటర్ ఎవర్నీ కాయకుండా రిమ్ కిందే నిలబడి బ్లాకులు పోగేసుకోవచ్చు. పైస్థాయిలో అది కుదరదు. బ్లాక్ రేటు ఎంత గొప్పగా ఉన్నా, అతను బయటికి వచ్చి గార్డులను కాస్తూ కూడా వెనక్కి చేరుకుని బ్లాక్ చెయ్యగలడా అని చూడాలి. 2011-12లో కెంటకీ తరఫున 40 మ్యాచ్‌ల్లో 186 బ్లాకులు చేసిన ఆంథొనీ డేవిస్ ఆ పని చేసి చూపించాడు కాబట్టే ప్రత్యేకం.

రెండోది జోన్ రక్షణ, అంటే ఒక్కొక్కరూ ఒక ఆటగాణ్ణి కాక కోర్టులో ఒక భాగాన్ని కాయడం. జోన్‌లో ముందువరుస ఆటగాళ్లకు పాసులు దొంగిలించే వీలు ఎక్కువ. 2018-19లో వాషింగ్టన్ జోన్‌లో ఆడిన మతీస్ థైబుల్ మ్యాచ్‌కు 3.5 స్టీళ్లు, 2.3 బ్లాకులు చేశాడు. అదంతా జోన్ పుణ్యమేనన్న అనుమానం న్యాయమైనదే. కానీ ఆ జోన్‌లో అతనిలా ఇంకెవరూ చెయ్యలేదు. ఎన్‌బీఏకు వెళ్లాక 2021లో, 2022లో ఉత్తమ రక్షకులను ఎంపిక చేసే ఆల్ డిఫెన్సివ్ రెండో జట్టులో చోటు దక్కించుకున్నాడు. అంటే పద్ధతి వల్ల అంకె ఉబ్బినప్పుడు కూడా అదే జట్టు సహచరులతో పోల్చి చూస్తే ఆటగాడి సొంత వాటా ఎంతో తేలుతుంది.

వ్యక్తిగత డిఫెన్సివ్ రేటింగ్ అని కొన్ని సైట్లు ఇస్తాయి. అందులో సింహభాగం జట్టు అంకె. ఒక ఆటగాణ్ణి ఎంచుకోవడానికి దాన్ని వాడకండి. దానికంటే 40 నిమిషాలకు ఎన్ని ఫౌళ్లు చేస్తాడన్నది పనికొస్తుంది. కాలేజీలో ఐదు ఫౌళ్లకు బయటికి పంపేస్తారు. 40 నిమిషాలకు 6 ఫౌళ్లు చేసేవాడు ఆ లెక్కన 33 నిమిషాలకే బెంచీ మీదుంటాడు, నిజానికి కోచ్ అంతకంటే ముందే తీసేస్తాడు.

6. అదృష్టాన్ని తీసెయ్యండి

మనవాడి త్రీలు 170కి 60, అంటే 35.3 శాతం. అతని నిజమైన సామర్థ్యం అదేనా? ప్రామాణిక విచలనం లెక్కవేద్దాం: 0.353 × 0.647 ÷ 170, దాని వర్గమూలం. 3.7 శాతం వస్తుంది. దాన్ని రెట్టింపు చేసి రెండువైపులా వేస్తే పరిధి 28 నుంచి 42.7. అంటే ఒక సీజన్ త్రీ శాతాన్ని బట్టి ‘మామూలు షూటర్’, ‘గొప్ప షూటర్’ అని తేల్చలేం. పోర్టల్ రోజుల్లో ఒక్క ఏడాది 41 శాతం చూసి పెద్ద మొత్తాలు ఇవ్వడం, మరుసటి ఏడాది అది 33కి పడితే ఆటగాడి మనసు చెదిరిందనడం అన్యాయం. చాలాసార్లు అక్కడ మారింది ఏమీ లేదు, శాతం దాని సహజస్థితికి వచ్చింది.

మందు సులువైనదే. ప్రతి ఆటగాడి అంకెకూ దేశ సగటు షాట్లు కొన్ని కలపండి. డివిజన్ వన్ త్రీ సగటు దాదాపు 34 శాతం. 100 షాట్లు, 34 పడినవి కలిపితే (60 + 34) ÷ (170 + 100) = 34.8 శాతం. 40 షాట్లకు 18 పడేసి 45 శాతం అనిపించుకున్నవాడికి ఇదే చేస్తే 52 ÷ 140 = 37.1. ఎన్ని కలపాలన్నది మీ నిర్ణయం. ఎక్కువ కలిపితే జాగ్రత్తగా ఉన్నట్టు, తక్కువ కలిపితే సాహసం చేసినట్టు. అందరికీ ఒకే సంఖ్య కలపడం మాత్రం తప్పనిసరి.

తర్వాత రెండు పక్క సాక్ష్యాలు అడగండి. ఫ్రీ త్రో శాతం మొదటిది: కాపలా ఉండదు, దూరం మారదు, అందుకే చేతివాటం గురించి త్రీ శాతం కంటే నిలకడగా చెబుతుంది. రెండోది త్రీలు వేసే ధైర్యం, అంటే మొత్తం షాట్లలో త్రీల వాటా. మనవాడికి ఫ్రీ త్రో 80 శాతం, త్రీల వాటా 42.5 శాతం. ఇద్దరు సాక్షులూ అతనివైపే ఉన్నారు కాబట్టి సవరించిన 34.8ను ఇంకా తగ్గించి చూడక్కర్లేదు.

దీనికి ఎదురు ఉదాహరణ 2018-19లో డ్యూక్ తరఫున ఆడిన జయాన్ విలియమ్‌సన్. 68 శాతం షాట్లు పడేసి మ్యాచ్‌కు 22.6 పాయింట్లు కొట్టాడు. త్రీలు 71కి 24, అంటే 33.8 శాతం, చూడటానికి దేశ సగటే. కానీ ఫ్రీ త్రో 64 శాతం, త్రీలు వేసిందీ తక్కువే. ఎన్‌బీఏలో త్రీ అతని ఆటలో భాగం కాలేదు. అతని గొప్పతనం రిమ్ దగ్గరుంది. అది అంకెల్లో మొదటినుంచీ స్పష్టంగానే ఉంది.

7. ఎదుట ఎవరున్నారు

నవంబరు, డిసెంబరుల్లో పెద్ద కాలేజీలు డబ్బిచ్చి చిన్న జట్లను పిలిపించుకుని 30, 40 పాయింట్ల తేడాతో గెలుస్తుంటాయి. ఆ మ్యాచ్‌ల అంకెలు సీజన్ మొత్తంలో కలిసిపోతాయి. బార్ట్ టోర్విక్‌లో మొదటి 100 జట్ల మీద ఆడిన మ్యాచ్‌లు మాత్రమే వడకట్టండి. యూసేజ్, ట్రూ షూటింగ్, టర్నోవర్ రేటు మళ్లీ చూడండి. ట్రూ షూటింగ్ మూడు నాలుగు పాయింట్లు తగ్గితే కంగారు వద్దు, అందరికీ తగ్గుతుంది. రిమ్ దగ్గర వేసే షాట్ల వాటా కుప్పకూలితే ఆలోచించాలి. పొడుగైన, వేగమైన రక్షకుల ముందు అతను లోపలికి వెళ్లలేకపోతున్నాడన్నమాట.

2018-19 నుంచి ఎన్‌సీఏఏ వాడుతున్న నెట్ అనే జట్ల ర్యాంకింగ్ వేదికను కూడా లెక్కిస్తుంది. సొంత కోర్టులో మొదటి 30 జట్లు, తటస్థ వేదికపై మొదటి 50, ప్రత్యర్థి కోర్టులో మొదటి 75 తో ఆడితే అది మొదటి క్వాడ్రంట్ మ్యాచ్. చిన్న కాన్ఫరెన్స్ (కొన్ని కాలేజీల లీగ్) ఆటగాడికి అలాంటివి ఏడాదికి మూడో నాలుగో దొరకొచ్చు. ఆ కొద్దిపాటి అంకెలను ఆరో మెట్టులో చెప్పిన అనుమానంతోనే చదవండి.

చిన్న కాన్ఫరెన్స్ అనగానే కొట్టిపారెయ్యడం అంతకంటే పెద్ద తప్పు. అప్పట్లో సదరన్ కాన్ఫరెన్స్‌లో ఉన్న డేవిడ్‌సన్ తరఫున స్టెఫెన్ కరీ 2007-08లో సగటున 25.9 పాయింట్లు కొట్టాడు. ఆ మార్చిలో జాతీయ టోర్నమెంట్‌లో గొంజాగా మీద 40, జార్జ్‌టౌన్ మీద 30, విస్కాన్సిన్ మీద 33, ఆ ఏడాది ఛాంపియన్ కాన్సస్ మీద 25. నాలుగు మ్యాచ్‌లు ఏదీ నిరూపించవు. కానీ సీజన్ పొడవునా కనిపించిన షూటింగ్ మేటి రక్షణల ముందూ నిలిచింది, రెండూ ఒకే మాట చెప్పాయి. మనం వెతకాల్సింది అదే ఏకత్వం. ఈ మధ్యకాలంలో డాల్టన్ నెక్ట్ నార్తర్న్ కొలరాడోలో 20.2 సగటుతో ఆడి, టెనెసీకి మారాక 2023-24లో దాన్ని 21.7కి పెంచి పెద్ద కాన్ఫరెన్స్ ఎస్‌ఈసీలో ఉత్తమ ఆటగాడయ్యాడు. అలా పైస్థాయికి వెళ్లాక కూడా పాయింట్లు పెరగడం అరుదు. మామూలుగా యూసేజ్ తగ్గుతుందనే అనుకుని అంచనా వెయ్యండి.

8. పుట్టినరోజు అడగండి

ఫ్రెష్‌మన్, సీనియర్ అనే ముద్రలు చాలవు. కోవిడ్ వల్ల 2020-21 సీజన్‌ను అర్హతలో లెక్కించలేదు కాబట్టి తర్వాతి కొన్నేళ్లు 23, 24 ఏళ్లవాళ్లు కూడా 18 ఏళ్ల పిల్లలతో ఆడారు. ఒకే బ్లాక్ రేటు, ఒకే రీబౌండ్ రేటు 23 ఏళ్ల శరీరంతో వస్తే ఒక లెక్క, 18 ఏళ్ల శరీరంతో వస్తే మరో లెక్క. కూపర్ ఫ్లాగ్ 2006 డిసెంబరు 21న పుట్టాడు. డ్యూక్‌లో 2024-25 సీజన్ మొదలయ్యేటప్పటికి ఇంకా 17 ఏళ్లే. ఆ సీజన్‌లో 19.2 పాయింట్లు, 7.5 రీబౌండ్లు, 4.2 అసిస్టులు. 2025లో ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్లను వరుసగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో అతను మొదటివాడిగా ఎంపికవడంలో ఆ వయసుకు పెద్ద వాటా ఉంది.

వయసు ప్రభావం మీ ప్రశ్నను బట్టి మారుతుంది. ఎన్‌బీఏ కోసం చూస్తుంటే చాలా ముఖ్యం. వచ్చే ఒక్క సీజన్‌కు కాలేజీ జట్టు కడుతుంటే ముదురు ఆటగాడే మేలు, ఎందుకంటే మీకు కావలసింది ఇప్పుడు ఆడే ఆట.

9. ఒకే అంకెలో అంతా చెప్పే కొలమానాలు

బాక్స్ ప్లస్ మైనస్‌ను డేనియల్ మైయర్స్ రూపొందించాడు. సగటు ఆటగాడి కంటే 100 పొసెషన్లకు ఎన్ని పాయింట్లు ఎక్కువ తెస్తాడో అంచనా వేస్తుంది. ప్రత్యర్థుల బలం కలుపుతుంది కాబట్టి మొదటి జల్లెడకు బాగుంటుంది. జాన్ హోలింగర్ తెచ్చిన పీఈఆర్ ఎక్కువ షాట్లు వేసేవాళ్లను ఎత్తి చూపిస్తుంది, రక్షణను దాదాపుగా చూడదు. ఎవాన్ మియకావా సైట్‌లోని రేటింగ్ బాక్స్ స్కోర్‌తోపాటు (మ్యాచ్ అంకెల పట్టిక) ఆటగాడు కోర్టు మీదున్నప్పుడు స్కోరు ఎలా మారిందో కూడా చూస్తుంది.

వీటిలో దేన్ని వాడినా కనీస నిమిషాలు పెట్టుకోండి, 400 కంటే తక్కువ వద్దు. బలమైన జట్టులో 150 నిమిషాలు ఆడిన బెంచీ ఆటగాడు జట్టు బలాన్ని బట్టి చేసే సవరణ పుణ్యమా అని జాబితాలో పైకి తేలుతుంటాడు.

కోర్టు మీద ఉన్నప్పుడు, లేనప్పుడు అని జట్టు స్కోరు పోల్చే లెక్క ఊరిస్తుంది, కానీ మన గార్డునే చూడండి. అతను బయట కూర్చున్నది 280 నిమిషాలే, అంటే దాదాపు 490 పొసెషన్లు. ఒక్కో పొసెషన్ ఫలితం సున్నా నుంచి మూడు దాకా ఊగుతుంది కాబట్టి, దాడి, రక్షణ రెండూ కలిపితే ఆ 490 పొసెషన్ల నికర అంకెలో పొరపాటు 100కు సుమారు 7 పాయింట్లు. ‘అతను లేకపోతే జట్టు 8 పాయింట్లు మెరుగు’ అని ఎవరైనా అన్నప్పుడు ఈ 7 గుర్తుకు రావాలి. పైగా అతను కూర్చున్నప్పుడు ఆట అప్పటికే తేలిపోయి ఉండొచ్చు, ఎదుట కూడా బెంచీ ఆటగాళ్లే ఉండొచ్చు.

10. వీడియో, నివేదిక

ఇప్పుడు వీడియో తెరవండి, కానీ ప్రశ్నలతో. మన గార్డు విషయంలో అంకెలు మూడు సంగతులు తేల్చలేదు. అతని టూలు 230కి 120, అంటే 52.2 శాతం. అవి ఫాస్ట్ బ్రేక్‌లో (రక్షణ సర్దుకోకముందే పరుగెత్తి) వచ్చాయా, నిలకడగా నిలిచిన రక్షణను ఛేదించి వచ్చాయా? 80 టర్నోవర్లలో ఎన్ని ఇద్దరు రక్షకులు చుట్టుముట్టి ట్రాప్ చేసినప్పుడు జరిగాయి? 2.6 స్టీల్ రేటు ముందుగా పసిగట్టి వచ్చిందా, లేక చోటు వదిలి జూదమాడి వచ్చిందా? మొదటి 100 జట్లతో ఆడిన నాలుగు మ్యాచ్‌లు తీసుకుని ఈ మూడు రకాల ఘట్టాలు మాత్రమే చూడండి. హైలైట్ల వీడియోలు చూడకండి, వాటిలో తప్పిన షాట్లు ఉండవు.

నివేదిక ఒక పేజీ దాటకూడదు. పైన పుట్టిన తేదీ, నిమిషాలు, జట్టు వేగం. తర్వాత యూసేజ్, ట్రూ షూటింగ్ పక్కపక్కన ఒకే వరుసలో. కింద సవరించిన త్రీ శాతం, ఫ్రీ త్రో శాతం, రిమ్ దగ్గరి వాటా, టర్నోవర్, అసిస్ట్, స్టీల్ రేట్లు. వాటి ఎదుట మరో నిలువు వరుసలో మొదటి 100 జట్ల మీద అవే అంకెలు. వీడియో ప్రశ్నలు మూడు, జవాబులు మూడు. ఆఖరున కొత్త జట్టులో వచ్చే సీజన్‌కు మీ అంచనా: యూసేజ్ 21 నుంచి 23, ట్రూ షూటింగ్ 55 నుంచి 58, త్రీలు 33 నుంచి 37 అని పరిధులుగా, తేదీ వేసి రాయండి. మార్చిలో సీజన్ అంకెలు వచ్చాక ఆ పరిధుల్లో ఎన్ని నిలిచాయో ఆటగాళ్లందరికీ కలిపి లెక్కపెట్టండి. పదింటిలో తొమ్మిది నిలిస్తే పరిధులు మరీ వెడల్పుగా వేస్తున్నారు, సగం కూడా నిలవకపోతే ఆరో మెట్టులో కలిపే సగటు షాట్ల సంఖ్య పెంచి చూడండి.